గని గడియారంలో తిరగబడిన పొర

గని గడియారంలో మూడో పొర తిరగబడడానికి కారణం మా బావ కాదు, నేను. ఈ ఒక్క మాట చెప్పవలసిన రోజున చెప్పకుండా ఊరుకున్నాను. ఆ తరువాత చెప్పడానికి వీలు చిక్కిన ప్రతిసారీ ఏదో ఒక సాకు దొరికింది. కోలారు బంగారు గనుల్లో పనిచేసి, అవి మూతపడ్డాక బెంగుళూరులోనో హోసూరులోనో స్థిరపడిన నా ఈడువాళ్ళు ఇది చదివితే, వాళ్ళలో కొందరికైనా "ఉల్టా మేస్త్రీ" అనే పేరు గుర్తుకు వస్తుంది. ఆ పేరు పెట్టినవాళ్ళను నేను తప్పు పట్టను. వాళ్ళకు తెలిసింది అంతే. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే గనుక, ఆ పేరు తప్పని చెప్పవలసిన బాధ్యత కూడా నాదే.

ఇన్నేళ్ళ తరువాత నన్ను కదిలించింది ఆ బావ కొడుకు, మా మేనల్లుడి దుకాణం. వాడు కోలారులో, బస్టాండుకు కాస్త అవతల, చెక్కను వెలుగుతో కోసే యంత్రం ఒకటి పెట్టుకొని ఇంటి పేర్ల పలకలూ దేవుడి పటాల చట్రాలూ చేసి అమ్ముతుంటాడు. ఈ మధ్య పటాల గడియారాలు కూడా మొదలుపెట్టాడు. ఏదైనా చెరువు లోతునో కొండ ఎత్తునో పొరలు పొరలుగా పలకల్లో కోసి, ఒకదాని మీద ఒకటి అతికించి, నడుమ గడియారం ముళ్ళు బిగిస్తాడు. బెంగుళూరు వాళ్ళు వాటిని ఇష్టంగా కొనుక్కుంటున్నారట. నేను వెళ్ళిన రోజు కంప్యూటరు తెర మీద అలాంటి పొర ఒకటి నాకు చూపిస్తూ, ఏదో మీట నొక్కాడు. ఆ ఆకారం అద్దంలో చూసినట్టు ఎడమది కుడికీ కుడిది ఎడమకూ మారిపోయింది. మళ్ళీ నొక్కితే మామూలైపోయింది. పక్కనే నిలబడి ఉన్న గిరాకీ, మా పాత ఊరివాడే, "జాగ్రత్తప్పా, మీ నాయన మాదిరి ఉల్టా కోసేవు. ఇంట్లో గోడకు తగిలించుకోవాల దాన్ని" అన్నాడు. మేనల్లుడు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు తీరు చూస్తే, ఆ మాట వాడు చిన్నప్పటినుంచీ వింటున్నదేనని తెలిసిపోయింది.

గిరాకీ వెళ్ళిపోయాక వాడే చెప్పాడు. "మా నాయన్ను ఒకసారి వచ్చి చూడమంటే రాడు మామా. నా చెయ్యి తగిలితే అంతా తిరగబడతాది, నన్ను పిలవద్దు అంటాడు. యాడన్నా ఉందా ఇట్లా? ఆయన పని చూసి కదా నాకు చెక్క మీద ఆశ పుట్టింది."

ఆ రోజు బస్సు ఎక్కే ముందే నిశ్చయించుకున్నాను, ఇక దాచనని.

మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి గనిలో పనికి వచ్చినవాడు. మా నాయన కూడా కేజి అనే ఇనుప పెట్టెలో రోజూ భూమిలోకి దిగి ఎక్కినవాడే. నన్ను మాత్రం భూమి మీదనే ఉంచాలని మా అమ్మ పట్టు పట్టడం వల్ల, పదో తరగతి తరువాత బొమ్మలు గీసే చదువు కొంత చదివి, గని పటాల ఆఫీసులో పటాలకు నకళ్ళు గీసే ట్రేసరుగా చేరాను. గనులు సర్కారు చేతికి వచ్చి చాలా కాలమైన తరువాతి మాట ఇది. దొరల బంగళాల్లో మనవాళ్ళే ఆఫీసర్లుగా ఉంటున్నారు, దొరలు తిరిగిన క్లబ్బులో మన పెళ్ళి విందులు జరుగుతున్నాయి, కానీ మా బీరువాల్లోని పటాలు మాత్రం సగానికి పైగా దొరల కాలానివే. గనిని ఇల్లు అనుకుంటే లెవల్ అనేది ఒక అంతస్తు, కాకపోతే పైకి కాకుండా కిందికి కట్టుకుంటూ పోయిన ఇల్లు. ఒక్కొక్క లెవల్‌కు ఒక్కొక్క పటం. వాటిని ట్రేసింగు గుడ్డ మీద గీసేవాళ్ళు. ఇప్పటి పిల్లలకు ఆ గుడ్డ ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. నీలం చాయతో, గంజి పెట్టినట్టు బిరుసుగా, అవతలి గీత ఇవతలికి కనబడేంత పలచగా ఉండేది. దాని మీద సుద్దపొడి రుద్దితే గానీ సిరా పట్టేది కాదు. సాయంత్రానికి మా చొక్కా చేతులన్నీ బడిపంతులు చేతుల్లా తెల్లబడిపోయేవి.

మా బావ, అంటే మా అక్క మొగుడు, వర్క్‌షాపులో చెక్క నమూనాలు చేసే పనిలో ఉండేవాడు. ఇనుప భాగం పోత పోయాలంటే ముందు దాని ఆకారాన్ని చెక్కలో చేయాలి. ఆ చెక్కను ఇసుకలో అదిమి తీస్తే ఏర్పడే గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. చెక్కలో కుడి ఎడమలు తారుమారైతే ఇనుములోనూ అంతే, ఆ పైన దిద్దుకునే దారి లేదు. అందుకే కుడి ఎడమలు తప్పాడనే మాట ఆ పనివాళ్ళకు అన్నిటికన్నా పెద్ద తిట్టు. మా బావ ప్రతి ముక్కకూ పైకి ఉండవలసిన వైపు పెన్సిలుతో కొక్కెంలాంటి గుర్తు ఒకటి పెట్టేవాడు. మనిషి మంచి మాటకారి, కాస్త గొప్పలకు పోయేవాడు కూడా. తన చేతి పనిని తానే మెచ్చుకొని, ఎదుటివాళ్ళు కూడా మెచ్చుకునేదాకా వదిలేవాడు కాదు. నన్ను ఏడిపించకుండా ఆయనకు పూట గడిచేది కాదు, నాకు కూడా ఆయన ఏడిపించకపోతే తోచేది కాదు.

గడియారం ఆలోచన ఆయనదే. గని లోపల ఫోర్‌మాన్‌గా పనిచేసి పని నుంచి దిగిపోతున్న ఒకాయన కోసం. ఆయన చర్చి వీధి మనిషి, మాకు బంధువు కాదు, కానీ మా నాయనకు పని నేర్పినవాడు గనుక ఇంట్లో అందరం పెద్దాయన అనేవాళ్ళం. పెద్దాయన తమ్ముడు కూడా గనిలోనే పనిచేసేవాడు. ఒక లెవల్ చివర, ఒత్తిడికి తట్టుకోలేక రాయి ఉన్నట్టుండి పేలిపోయినప్పుడు ఆయన లోపలే ఉండిపోయాడు. శవం కూడా పైకి రాలేదు, ఆ దారికి గోడ కట్టి మూసేశారు. ఏడాదికొకసారి సమాధుల పండుగ నాడు అందరూ తమ వాళ్ళ సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తే, పెద్దాయన షాఫ్టు గేటు దగ్గర, కాపలావాడు చూసీ చూడనట్టు ఊరుకుంటే, నేల మీద ఒకటి వెలిగించి వచ్చేవాడు. షాఫ్టంటే మనుషులను కిందికి దించే నిట్టనిలువు బావి. దాన్ని మించి తమ్ముడికి దగ్గరగా పోయే వీలు ఆయనకు లేదు.

"గోడ గడియారం అందరూ ఇస్తారు బామ్మర్దీ. మనం ఇచ్చేదాంట్లో ఆయన తిరిగిన గని ఉండాల, వాళ్ళ తమ్ముడుండే చోటు ఉండాల" అన్నాడు బావ. ఆయన మనసులో గడియారం అప్పటికే తయారై ఉంది. పెద్దాయన పనిచేసిన లెవల్‌లను ఒక్కొక్క పొరగా పలకల్లో కోయాలి, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చాలి, అన్నిటికీ ఉమ్మడిగా ఉండేది షాఫ్టు గనుక షాఫ్టు ఉన్న చోటే రంధ్రం చేసి ముళ్ళ ఇరుసును అందులోంచి రానివ్వాలి. పై పొర తెల్లటి మామిడి చెక్క, దాని కింద పసుపుపచ్చ పనస, ఆ కింద ఎర్రటి వేప, అట్టడుగున నల్లటి బీటె. లోతుకు పోయేకొద్దీ చీకటి పెరిగినట్టు ఉండాలన్నాడు. ప్రతి లెవల్ ఆకారం వేరు గనుక ఒక్కొక్క పొర ఒక్కొక్క వైపు చేతులు చాపినట్టు బయటికి వస్తుంది. మూడోదైన వేప పొరకు పొడవాటి చెయ్యి ఒకటి ఉంది. ఆ చేతి చివరే పెద్దాయన తమ్ముడు ఉండిపోయిన చోటు. అక్కడ చిన్న ఇత్తడి మేకు కొట్టి, అది మెరిసేలా సానపట్టాలని ఆయన ఉద్దేశం.

ఆకారాలు గీసి ఇవ్వడం నా వంతు. మా ఆఫీసులో పెద్ద డ్రాయింగు మేస్త్రి, పటం గది దాటకూడదనే షరతు మీద, మధ్యాహ్నం భోజనాల వేళ చూసి గీసుకోవడానికి ఒప్పుకున్నాడు. పెద్ద పటాన్ని చిన్నది చేయడానికి మా దగ్గర చెక్క పట్టీలతో కత్తెరలా తెరుచుకునే సాధనం ఒకటి ఉండేది. దాని ఒక కొనలోని ముల్లును పటం గీతల వెంట నడిపిస్తే, రెండో కొనలోని పెన్సిలు అదే ఆకారాన్ని చిన్నదిగా గీసేది. మొదటి రెండు పొరలు గీసి తీసుకుపోతే బావ వాటిని వెలుగుకేసి పట్టుకొని చూశాడు.

"ఇది గీతనా, వానపామునా? గనిలో మనుషులు నడిచినారా, తాగి దొర్లినారా?"

"దొరలు తవ్విన తీరు అట్లా ఉండాది బావా, నేనేం చేసేది?"

"దొరల మీద ఎందుకు పెడతావు, నీ చెయ్యి వణికి ఉంటాది. మీ ఇంటి పిల్లను నాకిచ్చేటప్పుడు మీ నాయన చెయ్యి కూడా ఇట్లనే వణికింది."

వంటింట్లోంచి మా అక్క, "వణికింది మీకు ఇస్తా ఉండామే అని భయపడి. ఇంగ లేస్తారా, అన్నం ఆరిపోతా ఉండాది. ఆ గని మళ్ళీ తవ్వుదురు గానీ" అని కేకేసింది. ఆ ఆదివారాలు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఉప్పుకాగితంతో రుద్దిన పనస చెక్క వాసనే ముందుగా గుర్తొస్తుంది. గనివాళ్ళకు వరుసగా కట్టిన ఆ లైన్ ఇంటి వసారాలో, రేకు గోడకు ఆనుకొని కూర్చొని, సన్న రంపంతో బావ వంకరలు తిప్పుతుంటే చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చు. అంత సంతోషంగా ఆయన మరే పనీ చేయడం నేను చూడలేదు.

మూడో పొర గీసిన రోజు మైదానంలో ఫుట్‌బాల్ పోటీ ఉంది. మా పేట జట్టు ఆడుతోంది. త్వరగా ముగించి పోవాలని నాకు తొందర. ఆ లెవల్ పటం చాలా పొడుగ్గా ఉండేది, పూర్తిగా విప్పితే బల్ల చాలదు. రెండు వైపులా చుట్ట అలాగే ఉంచి, నాకు కావలసిన నడిమి భాగం మాత్రం బల్ల మీద పరిచి, కదలకుండా బరువులు పెట్టాను. పేరూ దిక్కుల గుర్తూ రాసి ఉండే మూల చుట్టలోనే ఉండిపోయింది. గీతల పక్కన చిన్న చిన్న అంకెలు ఉండే ఉంటాయి, అవి తిరగబడి కనబడే ఉంటాయి. నేను గీతల వెంట ముల్లు నడపడమే తప్ప అంకెల వంక చూడలేదు. గుడ్డను వెనక వైపు పైకి వచ్చేలా పరిచానని నాకు తట్టలేదు. పోటీ మొదలయ్యేసరికి మైదానంలో ఉన్నాను.

బావ ఆ కాగితాన్ని వేప పలక మీద అతికించి ఉన్నది ఉన్నట్టు కోశాడు. షాఫ్టు రంధ్రం మిగతా పొరలతో సరిగ్గా కలిసింది. ఎడమకు పోవలసిన చెయ్యి కుడికి పోయినా రంధ్రం మారదు గనుక ఎవరికీ అనుమానం రాలేదు. లోపలి లెవల్ ఎటు పోతుందో పైన పనిచేసే మా ఇద్దరికీ ఏం తెలుసు? వజ్రం అనే బంక కాచి పొరలన్నీ అతికించి, బరువు పెట్టి ఆరబెట్టి, ఇత్తడి మేకు బిగించాడు. బంగారుపేటలో కొన్న గడియారం మిషను వెనక అమర్చాడు. చూసినవాళ్ళంతా నోరు తెరిచారు.

పెద్దాయన వీడ్కోలు వర్క్‌షాపులోనే, చెక్కపొట్టు ఊడ్చి శుభ్రం చేసిన చోట పెట్టారు. టీ, బోండాలు, ఒక దండ. బావ గడియారం మీది తువ్వాలు తీయగానే పెద్దాయన కళ్ళజోడు సవరించుకొని దగ్గరికి వంగాడు. ఒక్కొక్క పొరనూ వేలితో తడుముతూ, "ఇది మేము నీళ్ళల్లో నిలబడి పని చేసినది... ఇక్కడ ఎలుకలు జాస్తి... ఇది మీ నాయనా నేనూ..." అని నా వైపు చూసి నవ్వాడు. మూడో పొర దగ్గర ఆయన వేలు అలవాటు కొద్దీ తొమ్మిది గంటల వైపుకు పోయింది. అక్కడ ఏమీ లేదు, కింది చెక్క నల్లగా కనిపిస్తోంది. వేలు అక్కడే ఆగిపోయింది. ఇత్తడి మేకు మూడు గంటల వైపున మెరుస్తోంది. ఆయన దాన్ని చూసి, మళ్ళీ ఖాళీ చోటును చూసి, మెల్లగా అన్నాడు, "మా తంబి ఉండేది ఈ పక్క కాదప్పా."

ఆయన కోపంగా అని ఉంటే బాగుండేది. దారి తప్పినవాడికి దారి చెప్పినట్టు చెప్పాడు.

పోత పోసే షెడ్డులోని మోల్డరు ఒకడు ముందుకు వచ్చి చూసి, "పలక తిరగేసి అతికించినావు కదా మేస్త్రీ!" అన్నాడు. ఆ మాటతో అందరికీ విషయం అర్థమైపోయినట్టైంది. పలక తిరగేసి అతికించినా, పటం తిరగేసి గీసినా ఫలితం ఒక్కటే, చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. నమూనాల మేస్త్రి చేతిలో చెక్క ఉంది, కాబట్టి తప్పు చెక్కదే అనుకున్నారు. బావ ముఖం నల్లబడిపోయింది. "లేదు. నా గుర్తు పైకే ఉండాది. వేడి చూపించి ఊడదీస్తాను, మీరే చూడండి" అని గడియారం మీద చెయ్యి వేశాడు. పెద్దాయన ఆ చెయ్యి పట్టుకొని, "వద్దప్పా. ప్రేమతో ఇచ్చినది, ఇట్లనే తీసుకుపోతాను" అని తువ్వాలు కప్పేశాడు. ఆ వారమే ఆయన కూతురి ఊరికి, తమిళదేశం వైపు, సామాను కట్టుకొని వెళ్ళిపోయాడు. గడియారమూ ఆయనతోనే పోయింది.

మరునాడు ఆఫీసులో అందరూ భోజనానికి పోయాక ఆ పటాన్ని తీసి, ఆ రోజు పరిచినట్టే పరిచి, ఈసారి చుట్ట చివరిదాకా విప్పాను. మూలన ఉన్న అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. స్టూలు లాక్కొని కూర్చున్నాను. అప్పటికి నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కింద మనుషులు పటాన్ని నమ్మి రాయి తొలుస్తారు. ఏ వైపు పాత తవ్వకంలో నీళ్ళు నిలిచి ఉన్నాయో పటమే చెప్పాలి. లెవల్ పటాన్ని తిరగేసి గీసినవాణ్ణి ఆ ఆఫీసులో ఒక్క పూట కూడా ఉంచరు, ఉంచకపోవడమే న్యాయం. చెక్క తిరగేసిన వడ్రంగిని చూసి అయితే రెండు రోజులు నవ్వుకొని మరిచిపోతారు. అలా అనుకున్నాను. గుడ్డ చుట్టి, దారం కట్టి, బీరువాలో పెట్టేశాను.

వాళ్ళు మరిచిపోలేదు. ఆ మోల్డరే "ఉల్టా మేస్త్రీ" అని పేరు పెట్టాడు. పేరు వర్క్‌షాపు దాటి, లైన్ ఇళ్ళు దాటి, రాబర్ట్‌సన్‌పేట సంతదాకా పోయింది. నమూనా చేతికిచ్చినప్పుడల్లా ఎవడో ఒకడు "పైకా, కిందికా మేస్త్రీ?" అనేవాడు. మొదట్లో బావ వాళ్ళకంటే గట్టిగా నవ్వి, "నీ తల యాడ ఉండాదో చూసుకో ముందు" అని తిప్పికొట్టేవాడు. కొన్నాళ్ళకు తిప్పికొట్టడం మానేశాడు. ఒక ఆదివారం నేను కూర్చొని ఉండగా, ఏదో స్టూలు కాలు చెక్కుతూ చెక్కుతూ ఆగి, "ఏమో బామ్మర్దీ, ఆ పొద్దు గుర్తు చూసే అతికించినానా? బంక ఆరిపోతాదని తొందర పడినానేమో" అన్నాడు. నేను ఆయన ముఖంలోకి చూడకుండా టీ తాగాను. నేను చేసిన అన్నిటిలోకి అదే పెద్ద పాపం. అంతవరకూ ఊళ్ళోవాళ్ళు మాత్రమే ఆయన చేతిని అనుమానించారు. ఆ రోజునుంచి ఆయనే తన చేతిని అనుమానించడం మొదలుపెట్టాడు.

తరువాత ఆయన చేసే ప్రతి వస్తువు మీదా కొక్కెం గుర్తు పోయి బాణం గుర్తులు వచ్చాయి, అవీ ఒకటి కాదు, నాలుగు వైపులా. పీట మీద బాణం, కిటికీ రెక్క మీద బాణం. మా అక్క, "మొన్న బియ్యం డబ్బా మూతకు కూడా వేసినాడురా, మూతకు కుడేంది ఎడమేంది!" అని నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఒక పూట పని రెండు పూటలు పట్టేది. గనులు మూతపడినప్పుడు నమూనాలు చేసే తక్కిన వాళ్ళందరూ బెంగుళూరు పోత కార్ఖానాల్లో చేరారు. ఆయన్నూ పిలిచారు, పోలేదు. కోలారుకు ఇల్లు మార్చి, టమాట మండీలో పెట్టెలు తూకం వేయించే పనిలో కుదిరాడు. చెక్కతో ఆయనకు మిగిలిన సంబంధం ఆ టమాట పెట్టెలే. నేనేమో ట్రేసింగు గుడ్డ వదిలి కంప్యూటరు నేర్చుకొని, బంగారుపేట నుంచి రోజూ రైలెక్కి బెంగుళూరు వెళ్ళి పటాలు గీసి, పిల్లలను చదివించుకొని, బాగానే బతికాను. పండుగలకు వాళ్ళింట్లో భోంచేశాను. వడ్డించే ఆయన చేతినే చూస్తూ భోంచేశాను.

మేనల్లుడి దుకాణంలో ఆయుధపూజ వస్తోందని తెలిసి, చెప్పడమంటూ చెబితే ఆ రోజే, నవ్వినవాళ్ళ ముందరే చెప్పాలని పట్టుదల పట్టాను. బావకు ఒక్కడికే చాటుగా చెప్పి బరువు దించుకోవడం సులువు, కానీ పేరు పోయింది చాటుగా కాదు. పాత వర్క్‌షాపు వాళ్ళలో ఇంకా ఉన్నవాళ్ళ కోసం వెతుక్కుంటూ తిరిగాను. ఆండర్సన్‌పేటలో లేతు మిషను నడుపుకుంటున్న ఒకాయన, కొడుకు దగ్గర ఉంటున్న మోల్డరు, ఇంకా అటువంటి కొందరు. ఎందుకని అడిగితే, వస్తే తెలుస్తుందన్నాను. ఆ తిరగడంలో మా ఆఫీసు వైపు కూడా పోయాను. పైకప్పు లేదు, తలుపులు ఎవరో ఊడదీసుకుపోయారు, బల్లలు ఉన్న చోట తుమ్మ చెట్లు లేచాయి. మేం చూపు పోగొట్టుకుంటూ గీసిన పటాలు ఎక్కడున్నాయో అడగడానికి మనిషి లేడు. షాఫ్టు మీది ఇనుప గోపురం మాత్రం తుప్పు పట్టి నిలబడి ఉంది. ఒకప్పుడు దాని చక్రం తిరిగే చప్పుడు ఆగితే ఊరంతా గుండె పట్టుకొని వీధిలోకి వచ్చేది, ఇప్పుడు దాని కింద మేకలు కాసే మనిషి ఫోను చూసుకుంటున్నాడు. కింద లెవల్‌లన్నీ నీళ్ళు నిండిపోయాయట. పెద్దాయన వెలిగించిన చోట కొవ్వొత్తి పెట్టేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. ఆయనా పోయాడు. ఆయనకు చెప్పుకునే వీలు నాకు ఇక లేదు, అది అలాగే ఉండిపోతుంది. ఉన్నవాళ్ళకైనా చెప్పాలి.

ఆయుధపూజ నాడు యంత్రానికి పసుపు కుంకుమ పెట్టి, దండ వేసి, గుమ్మడికాయ కొట్టాక అందరూ కుర్చీల్లో కూర్చొని మరమరాలు, శనగలు తింటున్నారు. బావ ఎప్పటిలాగే యంత్రానికి దూరంగా గుమ్మం దగ్గర కూర్చున్నాడు. నేను లేచి నిలబడి, అంతా చెప్పాను. గుడ్డ పరిచిన తీరు, ఫుట్‌బాల్ పోటీ, మరునాడు చుట్ట విప్పి చూసుకోవడం, ఉద్యోగం పోతుందని మూసిపెట్టడం, అన్నీ. ఒక్కటి కూడా తగ్గించి చెప్పలేదు. మా అక్క చేతిలోని పళ్ళెం కింద పెట్టి, "నా ఇంట్లో నా చేతి అన్నం తింటానే దాచినావా రా?" అంది. మేనల్లుడు నా వైపు చూడలేదు, వాళ్ళ నాయన వైపే చూస్తున్నాడు.

బావ చేతిలోని మరమరాలు పక్కన పెట్టాడు. తరువాత అడిగాడు. "గుడ్డ వెనక పక్క పైకి ఉండిందా?"

"అవును బావా."

"అయితే నా పలక సరిగ్గానే అతికించినాను."

"సరిగ్గానే అతికించినావు."

ఆయన తల ఊపాడు. కోపం వచ్చింది. రావలసినంత కోపమే వచ్చింది. "వాళ్ళు నవ్వినారు, పోనీ. నేను కదరా... నిద్దట్లో కూడా ఆ పలక తిప్పి తిప్పి చూసుకున్నాను. తలుపుకు గడియ బిగించేదానికి కూడా నా కొడుకును పిలిచి చూడమన్నాను. ఒక్క మాట చెప్పి ఉంటే నీ గొంతు అరిగిపోయేదా?" అన్నాడు.

ఇంతలో మోల్డరు చెవి వెనక చెయ్యి పెట్టుకొని పక్కవాణ్ణి, "ఏమంటా ఉండాడప్పా? ఎవరిది తప్పంట?" అని అడిగాడు. కొలిమి చప్పుళ్ళలో బతికిన మనిషికి ఇప్పుడు సరిగా వినబడదు. నేను చెప్పినదాంట్లో ఆయనకు ఒక్క ముక్క కూడా చేరలేదు. పేరు పెట్టినవాడే వినలేదు.

బావ నా వైపు తిరిగాడు. "ఆయప్పకు వినబళ్ళేదంట. గట్టిగా చెప్పు."

నేను మోల్డరు కుర్చీ ముందుకు పోయి నిలబడి, గొంతులో ఉన్నదంతా తెచ్చుకొని, వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేలా, "తప్పు నాదీ! పటం నేనే తిరగేసి గీసినాను! తెలిసీ నోరు మూసుకున్నాను! మా బావ చెయ్యి ఏ పొద్దూ తప్పలేదు!" అని అరిచాను. ఆ అరుపు అయ్యాక బావ వైపు తిరిగి, అదే గొంతుతో, తగ్గించడం చేతగాక, "మన్నించు బావా!" అన్నాను.